"అతను ఎందుకలా నడుస్తాడు అబ్బా?"

 

ఒక రోజు అస్ర్ నమాజు ముగిశాక ఒక సోదరుడు మా దగ్గరకు వచ్చి కూర్చున్నాడు. ఏదో చెప్పాలని ఉంది, కానీ చెప్పలేకపోతున్నాడు. కాసేపటికి నోరు విప్పాడు.

"మౌలానా సాబ్, మావాడు రెండో తరగతి. వాళ్ళ క్లాసులో కొత్తగా ఒక అబ్బాయి చేరాడు. వాకర్ పట్టుకుని నడుస్తాడు. మాట కూడా నిదానం. టీచరమ్మ మావాణ్ణి అతని పక్కన కూర్చోబెడితే, వీడు ఏడుస్తూ లేచి వెళ్ళిపోయాడట. ఆ అబ్బాయి తల్లి అప్పుడు గుమ్మంలోనే ఉందట. ఎందుకు లేచావురా అని అడిగితే, వాడి పక్కన కూర్చుంటే నాకూ అలా అవుతుంది అంటున్నాడు."

"ఈ మాట మీవాడికి ఎవరు చెప్పారు?" అని అడిగాము.

"ఎవరూ చెప్పలేదు" అన్నాడు మొదట. తర్వాత తల వంచుకుని ఇలా చెప్పాడు: "కిందటేడు బజారులో అలాగే నడిచే ఒకాయన కనిపించాడు. అతను ఎందుకలా నడుస్తాడు అబ్బా అని వీడు గట్టిగా అడిగాడు. నాకు సిగ్గేసింది. చెయ్యి పట్టి లాగి, ష్! అటు చూడకు, అస్తగ్‌ఫిరుల్లాహ్ అను అన్నాను."

సోదరులారా! ఆ తండ్రి చెడ్డవాడు కాడు. ఎదుటి మనిషి నొచ్చుకుంటాడనే కొడుకు నోరు మూయించాడు. కానీ ఆ పసివాడికి అందిన పాఠం వేరు. చూడకూడనిదేదో అక్కడ ఉంది, చూస్తే అస్తగ్‌ఫిరుల్లాహ్ అనాల్సినంత భయంకరమైనది అని వాడు అర్థం చేసుకున్నాడు. ఆ భయాన్నే ఏడాది తర్వాత బడికి మోసుకెళ్ళాడు. దాని భారం మాత్రం మరొకరి బిడ్డ మీద పడింది.

మనం జవాబు చెప్పకపోతే పిల్లలు జవాబు లేకుండా ఊరుకోరు. మన ముఖం చూసి తామే ఒక జవాబు తయారుచేసుకుంటారు. కనుక ఈ నెల మనం మన పిల్లల ప్రశ్నకు నిజమైన జవాబు ఏమిటో తెలుసుకుందాం.

ముందు మనం తెలుసుకోవాలి

ఆ పిల్లవాడికి ఉన్న స్థితి పేరు సెరిబ్రల్ పాల్సీ. తెలుగులో మస్తిష్క పక్షవాతం అంటారు. బిడ్డ కడుపులో ఉన్నప్పుడో, పుట్టేటప్పుడో, పుట్టిన తొలి రోజుల్లోనో, ఎదుగుతున్న మెదడులో కదలికలను నడిపించే భాగానికి దెబ్బ తగిలితే ఇది వస్తుంది. నెలలు నిండకుండా, చాలా తక్కువ బరువుతో పుట్టడం, కాన్పు సమయంలో మెదడుకు ప్రాణవాయువు సరిగా అందకపోవడం, పుట్టిన బిడ్డకు కామెర్లు బాగా ముదిరిపోవడం, మెదడుకు సోకే జబ్బులు దీనికి దారితీయవచ్చు. చాలా సందర్భాల్లో ఫలానాదే కారణమని వైద్యులు కూడా తేల్చి చెప్పలేరు.

ఈ పిల్లలందరూ ఒకేలా ఉండరు. ఎక్కువమందికి కండరాలు బిగుసుకుపోతాయి. కొందరికి చేతులు, ముఖం తమకు తెలియకుండానే కదులుతుంటాయి. కొందరికి నిలదొక్కుకోవడం కష్టం. కొందరు పరుగెత్తగలరు, కొందరు చక్రాల కుర్చీ విడిచి రాలేరు. నోటి కండరాలు పట్టులో లేకపోతే మాట ముద్దగా వస్తుంది, చొంగ కారుతుంది. కొందరికి మూర్ఛ కూడా ఉంటుంది. తెలివి విషయంలోనూ అంతే. కొందరికి నేర్చుకోవడం కష్టమవుతుంది. మరెంతోమంది మామూలు పిల్లల్లా, కొందరు వారికన్నా చురుగ్గా చదువుతారు. మాట తడబడింది కదా అని బుద్ధి కూడా తడబడిందని అనుకోవడం పెద్ద పొరపాటు.

ఇది అంటువ్యాధి కాదు. పక్కన కూర్చుంటే రాదు, చెయ్యి పట్టుకుంటే రాదు, ఒకే గ్లాసుతో నీళ్ళు తాగినా రాదు. మెదడుకు తగిలిన ఆ దెబ్బ రోజురోజుకూ పెరిగేదీ కాదు. పూర్తిగా పోగొట్టే మందు లేదు. కానీ ఫిజియోథెరపీ, మాట నేర్పే శిక్షణ, కాళ్ళకు కట్టే పట్టీలు, అవసరమైతే శస్త్రచికిత్స, ఇవన్నీ ఆ బిడ్డకు ఎంతో మేలు చేస్తాయి.

తల్లి మీద నింద వేయకండి

ఇటువంటి బిడ్డ పుట్టగానే మన ఇళ్ళలో మొదట వేలు చూపేది తల్లి వైపే. "గ్రహణం నాడు బయట తిరిగింది", "దిష్టి తగిలింది", "ఏ పాపం చేసుకున్నారో!" ఇలాంటి మాటలు పెద్దలు మాట్లాడుకుంటుంటే, మూలన కూర్చుని ఆడుకునే పిల్లలు వింటూనే ఉంటారు.

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) వారి చిన్నారి కుమారుడు ఇబ్రాహీమ్ కన్నుమూసిన రోజునే సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణం వల్లే గ్రహణం వచ్చిందని జనం అనుకోసాగారు. పుత్రశోకంలో ఉండి కూడా ఆయన ఆ మాటను సాగనివ్వలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనలనీ, ఎవరి చావు కోసమో, ఎవరి పుట్టుక కోసమో వాటికి గ్రహణం పట్టదనీ స్పష్టం చేశారు. మరి ఆ ప్రవక్త అనుచరుల ఇళ్ళలో గ్రహణం పేరు చెప్పి ఒక తల్లిని దోషిగా నిలబెట్టడం ఎంతవరకు న్యాయం?

ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరని దివ్య ఖుర్ఆన్ (6:164) బోధిస్తున్నది. అలాంటప్పుడు తల్లిదండ్రుల పాపం పసిబిడ్డ కాళ్ళలోకి దిగిందని అనడం మన నోటికి తగని మాట. తావీజుల కోసం, దర్గాల చుట్టూ నెలల తరబడి తిరిగి, బిడ్డను చికిత్సకు తీసుకెళ్ళాల్సిన విలువైన తొలి సంవత్సరాలు పోగొట్టుకున్న కుటుంబాలు మనలో ఉన్నాయి. దుఆ చేయండి, వైద్యమూ చేయించండి. చికిత్స చేయించుకోమని చెప్పినది కూడా ఆ ప్రవక్తే (స).

నవ్వు, వెక్కిరింత

పిల్లలు మొదట చేసేది నవ్వడం. ఇది మనకు కొత్త కాదు. ప్రవక్త (స) సన్నిధిలోనే ఒకసారి జరిగింది. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) మిస్వాక్ పుల్లల కోసం చెట్టెక్కారు. గాలికి బట్ట తొలగి, ఆయన సన్నని పిక్కలు కనిపించాయి. కింద ఉన్నవారు నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారని ప్రవక్త (స) అడిగారు. ఆ సన్నని కాళ్ళను చూసి అన్నారు వారు. ప్రళయ దినాన త్రాసులో ఆ కాళ్ళు ఉహుద్ కొండ కన్నా బరువు తూగుతాయని ప్రవక్త (స) ప్రమాణం చేసి చెప్పారు.

ఆ సన్నని కాళ్ళ మనిషి ఎవరు? ఖుర్ఆన్‌ను ఎవరి దగ్గర నేర్చుకోవాలో చెబుతూ ప్రవక్త (స) పేర్కొన్న నలుగురిలో మొదటి పేరు ఆయనదే. ఈ సంఘటనను మన పిల్లలకు రాత్రి పడుకునే ముందు కథగా చెప్పండి. వంద మందలింపులకన్నా అది బాగా పనిచేస్తుంది.

నవ్వు తర్వాత వచ్చేది అనుకరణ. క్లాసులో ఒకడు కాలు ఈడ్చి నడిచి చూపిస్తాడు, మిగతావాళ్ళు చప్పట్లు కొడతారు. ఇంటికి వచ్చి చేసి చూపిస్తే మనమూ ఒక్కోసారి నవ్వు ఆపుకోలేం. హజ్రత్ ఆయిషా (రజి) ఒకసారి హజ్రత్ సఫియ్యా (రజి) పొట్టితనాన్ని గురించి ఒక చిన్న మాట అన్నారు. ఆ ఒక్క మాటను సముద్రంలో కలిపితే సముద్రమే పాడవుతుందని ప్రవక్త (స) హెచ్చరించారు. ఆమె మరొకరిని అనుకరించి చూపబోగా, ఎంత సొమ్ము ఇచ్చినా ఒక మనిషిని అలా అనుకరించడం తనకు ఇష్టం లేదని అన్నారు. తన ప్రియమైన భార్య విషయంలో కూడా ఆయన దీన్ని చిన్న తప్పుగా వదిలేయలేదు.

ఇక పేర్లు. కుంటోడు, అవిటోడు, నత్తోడు, పిచ్చోడు. అల్ హుజురాత్ సూరా (49:11)లో అల్లాహ్ ఒకరినొకరు ఎగతాళి చేసుకోవడాన్నీ, చెడ్డ పేర్లతో పిలుచుకోవడాన్నీ నిషేధించాడు. వెక్కిరించబడినవారే వెక్కిరించినవారికన్నా మేలైనవారు కావచ్చునని కూడా అక్కడే గుర్తుచేశాడు. ఆ పిల్లవాడికి అమ్మానాన్నలు పెట్టిన పేరు ఉంది. మన ఇంట్లో అతని ప్రస్తావన వచ్చినప్పుడు ఆ పేరే పలకాలి. "ఆ వాకర్ అబ్బాయి" అని కూడా వద్దు.

మాట పూర్తయ్యేదాకా ఆగండి

మాట తడబడే పిల్లవాడికి అందరికన్నా ఎక్కువ బాధ కలిగేది ఎప్పుడో తెలుసా? అతను చెబుతుండగానే ఎదుటివాడు "సరే సరే" అని వెళ్ళిపోయినప్పుడు.

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) తన నాలుక ముడి విప్పమని ప్రభువును వేడుకున్నారు. తన సోదరుడు హారూన్ (అలైహిస్సలాం)ను తోడుగా ఇమ్మని అడిగారు (20:25–32). అల్లాహ్ ఆ మొర ఆలకించాడు. అదే మూసాను ఫిరౌన్ చూసిన తీరు వేరు. సరిగా మాట్లాడనైనా రాని ఇతనికన్నా నేను మేలు కాదా అని తన జనం ముందు ఎద్దేవా చేశాడు (43:52). సోదరులారా! తడబడే మాటను విని దానికి తోడు నిలిచినది హారూన్ మార్గం. దాన్ని పట్టుకుని నవ్వినది ఫిరౌన్ మార్గం. మన పిల్లవాడు బడిలో ఎవరి మార్గంలో నడుస్తున్నాడో మనం అడిగి తెలుసుకోవద్దా?

ఆ అబ్బాయి చెప్పేది అర్థం కాకపోతే తల ఊపి తప్పించుకోవద్దని, "నాకు అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పు" అని అడగమని పిల్లలకు నేర్పండి. అందులో అవమానం లేదు. నీ మాట నాకు కావాలి అనే గౌరవం ఉంది.

కలిసి తినడం

మధ్యాహ్నం డబ్బా విప్పే వేళ మరో పరీక్ష. చొంగ కారుతుందని, అన్నం కింద పడుతుందని పిల్లలు దూరంగా జరుగుతారు. పూర్వం అరబ్బుల్లో కూడా అంధులు, కుంటివారు, రోగులు ఇతరులతో కలిసి భోంచేయడానికి వెనకాడేవారు. వారితో కూర్చోవడానికి కొందరు ఇష్టపడేవారు కాదు. అన్‌నూర్ సూరా (24:61)లో వారిపై ఏ తప్పూ లేదనే ప్రకటన వచ్చిన నేపథ్యాల్లో ఇదొకటని వ్యాఖ్యాతలు వివరించారు. మన దస్తర్‌ఖాన్ మీద ఆ బిడ్డకు చోటు ఉండాలి. పండుగకు మన పిల్లవాడి స్నేహితులను పిలిచినప్పుడు ఆ జాబితాలో అతని పేరు ఉందో లేదో చూడండి.

జాలి కూడా గాయపరుస్తుంది

ఆ కొత్త అబ్బాయి తండ్రిని తర్వాత మేము కలిశాము. ఆయన చెప్పిన మాట మమ్మల్ని సిగ్గుపడేలా చేసింది. జుమా రోజున ఆయన మసీదు మెట్ల దగ్గర చెప్పులు సర్దుతుండగా, కొడుకు వాకర్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎవరో వెళ్తూ వెళ్తూ అతని చేతిలో పది రూపాయల నోటు పెట్టి పోయారు. శుభ్రమైన తెల్లని కుర్తా తొడుక్కుని, తండ్రితో నమాజుకు వచ్చిన బిడ్డ అతను. ఇంటికి వెళ్ళాక, "అబ్బా, నేను అడుక్కునేవాడిలా ఉంటానా?" అని అడిగాడట.

ఇచ్చినాయన పుణ్యమనే అనుకుని ఉంటాడు. కానీ ఆ బిడ్డ మన పుణ్యం సంపాదించుకునే సాధనం కాదు. అతను మనిషి. బాధలో ఉన్నవారిని చూసినప్పుడు, మనల్ని ఆ బాధ నుండి కాపాడిన అల్లాహ్‌ను స్తుతించే దుఆను ప్రవక్త (స) నేర్పారు. అయితే ఆ వ్యక్తికి వినిపించకుండా మనసులోనే చెప్పుకోవాలని పెద్దలైన పండితులు వివరించారు. మరి మనం? బిడ్డ ఎదుటే చేతులెత్తి, "అయ్యో పాపం" అని, మన పిల్లవాడితో "చూశావా, నీకు అల్లాహ్ ఎంత మేలు చేశాడో!" అంటాం.

అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) సంఘటన మీకు తెలిసిందే. ప్రవక్త (స) ఖురైష్ నాయకులకు ధర్మం బోధిస్తున్న సమయంలో ఆయన వచ్చి మాట కలిపారు. ప్రవక్త (స) ముఖంలో క్షణకాలం అసంతృప్తి కనిపించింది. అల్లాహ్ తన ప్రియ ప్రవక్తను హెచ్చరిస్తూ 'అబస' సూరాలోని వాక్యాలను అవతరింపజేశాడు. ఆలోచించండి! ఆ అంధుడు ఆ ముఖాన్ని చూడలేదు, చూడలేడు కూడా. అయినా అల్లాహ్ దాన్ని వదిలేయలేదు. మన వీధి పిల్లవాడికి కళ్ళున్నాయి. మన ముఖం ముడుచుకోవడం అతను ప్రతిరోజూ చూస్తున్నాడు.

ప్రవక్త (స) ఆ తర్వాత ఆ సహచరుణ్ణి ఎలా గౌరవించారు? చేతిలో నాణెం పెట్టి పంపలేదు. బాధ్యత అప్పగించారు. హజ్రత్ బిలాల్ (రజి)తో పాటు ఆయన్ని కూడా ముఅజ్జిన్‌గా నియమించారు. తాము ప్రయాణమైనప్పుడు మదీనాలో తమ ప్రతినిధిగా ఆయన్ని నిలబెట్టారు. జాలి మనిషిని కింద కూర్చోబెడుతుంది. బాధ్యత అతన్ని మన పక్కన నిలబెడుతుంది.

పిల్లలకు ఎలా చెప్పాలి?

ఆరేడేళ్ళ బిడ్డకు పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. ఇలా చెప్పండి: "మన మెదడు కాళ్ళకూ చేతులకూ కబుర్లు పంపుతుంది నాన్నా. నడువు అంటే కాలు నడుస్తుంది. అతను బాగా చిన్నగా ఉన్నప్పుడు మెదడులో ఒక చోట దెబ్బ తగిలింది. అందుకే కబురు సరిగా అందదు. అతని తప్పు కాదు, వాళ్ళమ్మ తప్పు కాదు. నీకు అంటుకోదు. అతనికీ ఆటలు ఇష్టమే, నవ్వు ఇష్టమే, స్నేహితులు ఇష్టమే."

మాటతో అర్థం కాకపోతే చేయించి చూపండి. రెండు చేతులకూ మందపాటి మేజోళ్ళు తొడిగి చొక్కా గుండీలు పెట్టుకోమనండి. ఎడమ చేత్తో తన పేరు రాయమనండి. రెండు నిమిషాల్లో విసుగొస్తుంది. అప్పుడు చెప్పండి, అతను రోజంతా ఇంత ప్రయత్నం చేసి బడికి వస్తున్నాడని. అయితే ఇది ఇంట్లో నేర్చుకునే పాఠమే. బడిలో అతని నడకను చేసి చూపడానికి కాదు.

సహాయం చేసే ముందు అడగాలని నేర్పండి. "సంచి పట్టుకోనా?" అని అడగాలి. వద్దంటే ఊరుకోవాలి. అడగకుండా వాకర్‌ను లాగితే అతను పడిపోవచ్చు. వాకర్, చక్రాల కుర్చీ ఆటవస్తువులు కావు, అవి అతని కాళ్ళు.

"చచ్చిపోతాడా?", "పెద్దయ్యాక పోతుందా?" అని పిల్లలు అడుగుతారు. నిజమే చెప్పండి. ఇది ఎప్పటికీ ఉంటుంది, కానీ అతను చదువుకుంటాడు, ఎదుగుతాడు, తనకు చేతనైన పని చేస్తాడు.

హక్కు, దయాభిక్ష కాదు

మన దేశంలో 2016లో చేసిన వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 రకాల వైకల్యాల్లో సెరిబ్రల్ పాల్సీ ఒకటి. 40 శాతం లేదా అంతకు మించి వైకల్యం ఉన్నట్లు ధ్రువపత్రం పొందిన పిల్లలకు 6 నుండి 18 ఏళ్ళ వరకు ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. నలుగురి ఎదుట అవమానించాలనే ఉద్దేశంతో వికలాంగులను కించపరచడం ఈ చట్టం ప్రకారం జైలుశిక్ష పడే నేరం. మన తెలుగు రాష్ట్రాల్లో మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాల్లో ఈ పిల్లలకు ప్రత్యేక ఉపాధ్యాయుల శిక్షణ, ఫిజియోథెరపీ అందుతాయి. మీ చుట్టుపక్కల అలాంటి కుటుంబం ఉంటే ఈ విషయం వారికి తెలియజేయండి. పది రూపాయల నోటుకన్నా ఇది మేలైన కానుక. మసీదు కమిటీ పెద్దలు కూడా ఒక్కసారి తమ మెట్ల వైపు చూడాలి. వాకర్ పట్టుకున్న బిడ్డ ఎక్కడానికి ఒక వాలుదారి కట్టించడం మనకు తలకు మించిన ఖర్చా?

చివరగా ఒక మాట

ఆ సోదరుడు ఆ రాత్రే కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని, బజారులో తాను తప్పుగా చెప్పానని ఒప్పుకున్నాడు. మేజోళ్ళ పాఠం చేయించాడు. ఉహుద్ కొండ కథ చెప్పాడు. మర్నాడు వాడు అదే బెంచీలో కూర్చున్నాడు, కొంచెం ఎడంగానే. అంత వెంటనే ఏదీ మారిపోదు.

మూడు నెలల తర్వాత ఆయన మళ్ళీ కనిపించాడు. ముఖంలో నవ్వు. "మావాడు ఇవాళ కోపంగా ఇంటికొచ్చాడు మౌలానా సాబ్" అన్నాడు. బడి ఆవరణలో రబ్బరు బంతితో క్రికెట్ ఆడుతున్నారట. ఆ అబ్బాయి గోడకు ఆనుకుని బ్యాటింగ్ చేస్తాడు, వీడు బై రన్నర్. "వాడు రెండో పరుగుకి తప్పుగా పిలిచాడు అబ్బా, నన్ను రనౌట్ చేయించాడు. వాడితో మాట్లాడను!" అని గొడవట.

మేము అల్హమ్దులిల్లాహ్ అన్నాము. భయపడి లేచిపోయిన పిల్లవాడు ఇప్పుడు స్నేహితుడితో పోట్లాడుతున్నాడు. మర్నాడు మళ్ళీ కలిసి ఆడతారు.

సోదర సోదరీమణులారా! ఆ బిడ్డ నడక ఒక్కటే పరీక్ష కాదు. అతన్ని చూసినప్పుడు మన పిల్లల నోటి నుండి వచ్చే మాట మనకు పరీక్ష. ఆ మాటను వారికి నేర్పేది మనమే. మన రూపాలనూ సంపదలనూ కాక హృదయాలనూ కర్మలనూ చూసే ప్రభువు ఎదుట రేపు మనం నిలబడాలి.

ఓ అల్లాహ్! మా నాలుకలను, మా పిల్లల నాలుకలను ఎగతాళి నుండి కాపాడు. బలహీనంగా ఉన్న బిడ్డలకు బలాన్ని, వారిని పెంచే తల్లిదండ్రులకు ఓర్పును, ఊరటను ప్రసాదించు. వారి పక్కన చోటు వెతుక్కుని కూర్చునే మనసును మా పిల్లలకు అనుగ్రహించు. ఆమీన్.